బుష్షు మార్చాలా? బండే మార్చాలా?

ఇరవై ఏళ్ల కారు కింద నుంచి టక్కుమని చప్పుడొస్తే మెకానిక్ ఒక లెక్క చెబుతాడు, పిల్లలు ఇంకో లెక్క చెబుతారు. రెండూ తప్పే కావచ్చు.

ఏలూరులో మా మావయ్యగారి వీధి మొదట్లో ఒక స్పీడ్ బ్రేకర్ ఉంది. ఆయన కారు దాని మీదికి ఎక్కి దిగగానే ఇంట్లో అత్తయ్యగారు కాఫీకి పాలు పెడతారు. హారన్ అక్కర్లేదు, గేటు చప్పుడు అక్కర్లేదు. 'టక్... టక్' అని రెండు దెబ్బలు వినిపిస్తే వచ్చింది ఆయనేనని అర్థం. చాలాకాలంగా ఆ ఇంట్లో ఇదే పద్ధతి. ఆ చప్పుడు గురించి ఎవరూ బెంగ పెట్టుకోలేదు.

బెంగ పట్టుకున్నది హనుమాన్ జంక్షన్ దగ్గర. అత్తయ్యగారికి కంట్లో ఇంజెక్షన్ల కోసం నెలకోసారి విజయవాడ వెళ్లాలి. సుమారు అరవై కిలోమీటర్ల దారి. ముందు వెళ్తున్న లారీ ఉన్నట్టుండి ఆగడంతో మావయ్యగారు బ్రేకు గట్టిగా తొక్కారు. కారు ఆగింది కానీ తిన్నగా ఆగలేదు, ఎడమ పక్కకు లాగేసింది. ఆ పక్కన ఎవరూ లేరు కాబట్టి ఇది ఇప్పుడు వ్యాసంగా రాసుకోగలుగుతున్నాం.

షెడ్డులో కారును పైకెత్తి చూసిన మెకానిక్ పెద్ద జాబితా చదివాడు. ముందు లోయర్ ఆర్మ్ బుష్షులు, లింక్ రాడ్లు, షాకబ్జర్లు, వాటిపై మౌంటులు, వెనక బుష్షులు. మొత్తం చేయిస్తే కారు అమ్మితే వచ్చే సొమ్ములో సగం ఖర్చవుతుంది. బెంగళూరులో ఉన్న బావమరిది ఫోన్‌లోనే తీర్పు చెప్పేశాడు: "ఆ డబ్బాకి అంత ఖర్చేంటి బావా? నాన్నతో అమ్మించెయ్." డెబ్భై నాలుగేళ్ల మావయ్యగారు మాత్రం ఒక్క మాటే అన్నారు. కొత్త కారు కొంటే దానికి అలవాటు పడేలోపు తనకు డ్రైవింగ్ మానేసే వయసు వస్తుందట.

దేశంలో ఇలాంటి వాదన జరుగుతున్న ఇళ్లకు లెక్కలేదు. 2000 దశకంలో మధ్యతరగతి తొలిసారిగా కొన్న చిన్న కార్లు ఇప్పుడు ఇరవయ్యో పడిలో పడుతున్నాయి. ఇంజన్ ఇంకా బాగానే ఉంటుంది. ముందుగా అరిగిపోయేది ఎవరి కంటా పడని రబ్బరు ముక్క.

బుష్షంటే ఏమంత గొప్ప వస్తువు కాదు. బయట ఒక ఇనుప గొట్టం, లోపల ఒక చిన్న గొట్టం, రెంటి మధ్యా అతికించిన రబ్బరు. చక్రాన్ని పట్టుకుని ఉండే లోయర్ ఆర్మ్ కారు చట్రానికి దీని ద్వారానే బిగుస్తుంది. గతుకులో చక్రం పైకీ కిందికీ కదిలినప్పుడు ఇనుము ఇనుముతో రాసుకోదు, మధ్యనున్న రబ్బరు మెలి తిరిగి మళ్లీ యథాస్థితికి వస్తుంది. అంబాసిడర్ల కాలంలో ఈ పని చాలావరకు ఇనుప కీళ్లదే. గ్రీజు గన్ను పట్టుకుని క్రమం తప్పకుండా ఒక్కో నిపుల్‌లోనూ గ్రీజు కొట్టించకపోతే అవి అరిచేవి, అరిగేవి. రబ్బరు బుష్షు వచ్చి ఆ చాకిరీ తప్పించింది. చాకిరీ తప్పింది కాబట్టే అలాంటిదొకటి బండి కింద ఉందన్న సంగతీ మరిచిపోయాం.

కానీ రబ్బరు ముసలిదవుతుంది. ఎండ, ఇంజన్ వేడి, గాలిలోని ఓజోన్ కలిసి దాన్ని గట్టిపరుస్తాయి, పగుళ్లు తెస్తాయి. షెడ్డులో ఉంచి నెలకోసారి బయటికి తీసినంత మాత్రాన కారు బుష్షులు పదిలంగా ఉండవన్నమాట, వయసు వాటికీ లెక్కే. వీటన్నిటికీ మించిన శత్రువు నూనె. సహజ రబ్బరుకు ఇంజన్ ఆయిల్ తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది. వాటర్ సర్వీసింగ్ అయ్యాక కారు అడుగున డీజిలో, పాత ఆయిలో స్ప్రే చేయించే అలవాటు మన దగ్గర ఇంకా పూర్తిగా పోలేదు. కిర్రు కిర్రుమనే చప్పుడు నాలుగు రోజులు ఆగుతుంది నిజమే. చప్పుడు చేస్తున్న రబ్బరు ఆ నాలుగు రోజుల్లో మరింత పాడవుతుంది. ఇంజన్ నుంచి ఆయిల్ కారుతుంటే ముందు దాన్ని ఆపాలి, బుష్షు సంగతి ఆ తర్వాతే.

మన రోడ్లు ఎలాగూ తమ వంతు సాయం చేస్తాయి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పున, 10 సెంటీమీటర్ల ఎత్తున గుండ్రంగా లేవాలి. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో దాని మీదుగా ఇబ్బంది లేకుండా పోవచ్చు. మావయ్యగారి వీధిలోది అర మీటరు వెడల్పు కూడా లేదు. ఎవరో ఇంటి స్లాబ్ వేయగా మిగిలిన కాంక్రీటులా ఉంటుంది.

అయితే చప్పుడొచ్చిన ప్రతిసారీ తప్పు బుష్షుది కాదు. చిన్న గతుకుల మీద వరుసగా టకటకలాడితే చాలాసార్లు అది లింక్ రాడ్. స్టీరింగ్ తిప్పినప్పుడు పై నుంచి చప్పుడొస్తే షాకబ్జర్ మౌంటును అనుమానించాలి. బుష్షు తన సంగతి వేరే రకంగా చెబుతుంది. బ్రేకు వేస్తే కారు ఒక పక్కకు లాగుతుంది. రివర్స్ చేసి ఆపి, ముందుకు కదిలించగానే ఒక్క దెబ్బ వినిపిస్తుంది. హైవే మీద తిన్నటి దారిలోనూ స్టీరింగును అటూ ఇటూ సర్దుతూనే ఉండాల్సి వస్తుంది. టైరు ఒక అంచున త్వరగా అరుగుతుంది. అలైన్‌మెంట్ చేయించిన కొద్దిరోజులకే మళ్లీ తప్పుతుంది. కారణం తేలికే. రబ్బరు చిరిగితే ఆర్మ్ తన చోట నిలవదు. బ్రేకు తొక్కగానే ఆ పక్క చక్రం కాస్త వెనక్కి జరుగుతుంది, దాని దిశ మారుతుంది. హనుమాన్ జంక్షన్‌లో జరిగింది అదే.

బ్రేకు లాగడానికి బ్రేకే కారణమయ్యే అవకాశమూ ఉంది కనుక కాలిపర్ అతుక్కుపోయిందేమో ముందు చూడమనడం న్యాయం. తర్వాత బుష్షు వంతు. బండిని లేపి, ఆర్మ్‌కూ చట్రానికీ మధ్య పొడవాటి ఇనుప లివర్ పెట్టి కదిలించాలి. పైపైన వెంట్రుకవాసి గీతలు కనబడినంత మాత్రాన కంగారు అక్కర్లేదు, అవి వయసు మచ్చలు. రబ్బరు ఇనుము నుంచి విడిపోయినా, చీలిక లోతుగా ఉన్నా, లివర్ వేయగానే ఆర్మ్ ఊగిసలాడినా దాని పని అయిపోయినట్టే. ఈ పరీక్షకు పట్టేది పది నిమిషాలు. యజమాని పక్కన నిలబడి చూడాలి. చూపించనన్న షెడ్డులో బండి దింపించుకుని వచ్చేయడం మేలు.

మెకానిక్ జాబితాను అప్పుడు రెండుగా చీల్చవచ్చు. చక్రాన్ని దాని చోట పట్టి ఉంచేవి ఒక వైపు, చప్పుడుకే తప్ప నడకకు పెద్దగా అడ్డురానివి ఇంకో వైపు. మొదటి వరుసలో అందరికన్నా ముందుండేది బుష్షు కూడా కాదు, బాల్ జాయింట్. అది ఊడితే చక్రం ఒరిగిపోతుంది. కాబట్టి అది వదులైందంటే డబ్బు లెక్కలు వేసే పనే లేదు. బుష్షు సాధారణంగా అలా ఒక్కసారిగా చేయివ్వదు, నెలల తరబడి చెబుతూ వస్తుంది. ముందు లోయర్ ఆర్మ్ బుష్షులు చిరిగితే మార్చాలి, అదీ రెండు పక్కలా. లింక్ రాడ్ చప్పుడునూ, వెనక బుష్షులో కొద్దిపాటి వదులునూ కొంతకాలం భరించవచ్చు.

మావయ్యగారు నిజానికి ఎక్కువ సందేహించింది ఖర్చు గురించి కాదు. అంతకు రెండేళ్ల ముందే వేరే షెడ్డులో ఇవే బుష్షులు మార్పించారు. ఏడాది తిరక్కుండా చిరిగాయి. డూప్లికేట్ సరుకు అంటగట్టారని అప్పట్లో అందరం అనుకున్నాం. ఏలూరు మెకానిక్ అడిగిన ప్రశ్న వేరు: "బోల్టులు బిగించేటప్పుడు చక్రాలు గాల్లో ఉన్నాయా సార్, నేల మీదున్నాయా?"

గాల్లోనే ఉన్నాయి. మొత్తం కిటుకు అందులోనే ఉంది. బండిని లేపినప్పుడు ఆర్మ్ కిందికి వేలాడుతుంది. ఆ స్థితిలో బోల్టు బిగిస్తే లోపలి గొట్టం అక్కడే పట్టేస్తుంది. బండిని దించగానే ఆర్మ్ పైకి లేస్తుంది, రబ్బరు మెలిపడిపోతుంది. ఇక కారు ఊరికే నిలబడి ఉన్నా బుష్షు తడిగుడ్డ పిండినట్టు మెలి తిరిగే ఉంటుంది. గతుకొచ్చిన ప్రతిసారీ మరింత తిరుగుతుంది. ఎంత ఖరీదైన సరుకైనా ఇలా బిగిస్తే త్వరగా చిరగాల్సిందే. బోల్టును వదులుగా పెట్టి, బండి బరువు చక్రాల మీద పడ్డాకే చివరి బిగింపు బిగించాలి. దీనికి ప్రత్యేకమైన యంత్రాలేవీ అక్కర్లేదు, ఇంకో పావుగంట ఓపిక చాలు.

పాత బుష్షును సుత్తితో బాది ఊడగొట్టి, కొత్తదాన్ని అదే సుత్తితో దిగ్గొట్టే షెడ్లకూ కొదవలేదు. ఆ పని హైడ్రాలిక్ ప్రెస్‌తో జరగాలి. కొన్ని బుష్షుల రబ్బరులో కావాలనే ఖాళీలు వదులుతారు, వాటికి దిశ ఉంటుంది, గుర్తు చూసి కూర్చోబెట్టాలి. ఇంత తతంగం నమ్మకంగా చేసేవారు దొరకకపోతే బుష్షులు, బాల్ జాయింట్ బిగించి వచ్చే ఆర్మ్‌నే మొత్తంగా కొనడం తెలివైన పని. ధర ఎక్కువైనా తప్పు జరిగే చోట్లు తగ్గుతాయి. అప్పుడు కూడా చివరి బిగింపు నియమం మాత్రం మారదు. పాలీయురేథేన్ బుష్షులు వేస్తే జీవితాంతం వస్తాయని ఊరించేవారుంటారు. అవి గట్టివి, రోడ్డు మీది అదురంతా లోపలికి పంపిస్తాయి. రేసు సరదా ఉన్న కుర్రాళ్ల సంగతేమో కానీ, కంటికి ఇంజెక్షన్ చేయించుకుని వచ్చే మనిషిని కూర్చోబెట్టే కారుకు అవి తగవు.

ఇక బావమరిది లెక్క. రిపేరు ఖర్చును కారు అమ్మకం ధరతో పోల్చడం అందరూ చేసేదే, వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ కొత్త బుష్షులు వేశారని పాత కారుకు ఎవరూ ఎక్కువివ్వరు. ఈ ఖర్చు అమ్మడానికి కాదు, నడపడానికి. ఇంకా ఎన్నాళ్లు నడుపుతారన్నది తేల్చుకుని, ఖర్చును ఆ నెలలతో భాగించాలి. అరిగిపోయే టైర్ల ఖరీదును ఇందులోంచి మినహాయించాలి. ఆరు నెలల్లో అమ్మేసేవారికి ఒక జవాబు వస్తుంది, మూడేళ్లు నడిపేవారికి ఇంకో జవాబు వస్తుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న పెట్రోల్ కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది కాబట్టి కొత్త కారు వైపు మొగ్గు పెరిగిన మాట నిజం. విడిభాగాలన్నిటికీ అదే రోజు నుంచి 18 శాతమే వర్తిస్తోందన్నదీ అంతే నిజం.

లెక్కలో కలపాల్సిన అసలు బరువు వేరే చోట ఉంది. 2006లో కొన్న ఈ కారుకు పదిహేనేళ్లు నిండి 2021లో రిజిస్ట్రేషన్ పొడిగించినప్పుడు కేంద్రం రుసుము 600 రూపాయలు. 2022 ఏప్రిల్ నుంచి అది 5,000 అయింది. ఇరవై ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో 10,000 చేశారు. హరిత పన్ను దీనికి అదనం. 2026లో ఈ కారు కట్టాల్సింది ఆ మొత్తమే. పైగా ఫిట్‌నెస్ పరీక్ష నెగ్గాలి. అందుకే బుష్షుల కన్నా ముందు కారు అడుగున తుప్పు చూడమంటాం. ఆర్మ్ బిగుసుకునే చోట చట్రమే తిని ఉంటే కొత్త బుష్షులు వేయడం పుచ్చిన దూలానికి మేకు కొట్టడమే. విశాఖ, కాకినాడ సముద్రపు గాలిలో తిరిగిన బళ్లకు ఈ పరీక్ష మరీ ముఖ్యం.

ఢిల్లీ వాసులకైతే ఈ మీమాంస చాలావరకు కోర్టులే తీర్చేశాయి. పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ బళ్లు రాజధాని ప్రాంతంలో తిరగరాదని 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ చెప్పింది. 2018లో సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేసింది. 2025 ఆగస్టులో కఠిన చర్యలను ఆపిన అదే కోర్టు, డిసెంబర్‌లో ఆ వెసులుబాటును భారత్ స్టేజ్-4, ఆపై ప్రమాణాల బళ్లకే పరిమితం చేసింది. 2006 నాటి కారుకు అక్కడ బుష్షులు వేయించడం డబ్బు దండగ. ఏలూరులో ఆ గొడవ లేదు.

మావయ్యగారి కారు అడుగున తుప్పు లేదు. బాల్ జాయింట్లలో ఒకటి వదులుగా ఉంది, దాంతో బావమరిది ఇంకేం మాట్లాడలేదు. ముందు రెండు ఆర్మ్‌లూ మొత్తంగా మార్చారు. బండిని దించి, నాలుగు చక్రాలూ నేల మీదుండగా మెకానిక్ కిందికి దూరి బోల్టులు బిగిస్తుంటే మావయ్యగారు టార్చి పట్టుకుని వంగి చూశారు. అలైన్‌మెంట్ చేయించారు. షాకబ్జర్లు లీకవడం లేదు కనుక వాటిని ముట్టుకోలేదు, వెనక బుష్షులు వచ్చే ఏడాదికి వాయిదా. ఆ నెల విజయవాడ దారిలో, వెనక ఎవరూ లేకుండా చూసి ఆయన కావాలనే ఒకసారి బ్రేకు గట్టిగా తొక్కారు. కారు గీత గీసినట్టు ఆగింది. అత్తయ్యగారు మాత్రం చెప్పకుండా తొక్కినందుకు హనుమాన్ జంక్షన్ దాకా చీవాట్లు పెట్టారు.

స్పీడ్ బ్రేకర్ మీద ఇప్పుడు రెండు దెబ్బల్లేవు. వెనక చక్రాలు దిగేటప్పుడు ఒక్క 'టక్' వినిపిస్తుంది. పాలు పెట్టడానికి అది చాలునట.