విజయనిర్మల

విజయనిర్మల (1946 ఫిబ్రవరి 20 – 2019 జూన్ 27) తెలుగు చలనచిత్ర నటి, దర్శకురాలు. బాలనటిగా చిత్రసీమలో ప్రవేశించి, కథానాయికగా పేరు పొంది, అనంతరం 44 చిత్రాలకు దర్శకత్వం వహించింది. అత్యధిక చిత్రాలకు దర్శకత్వం వహించిన మహిళగా 2002లో గిన్నిస్ బుక్‌లో ఈమె పేరు నమోదైంది.

నటిగా

ఈమె అసలు పేరు నిర్మల. 1950లో 'మచ్చరేఖై' అనే తమిళ చిత్రంలో తొలిసారిగా నటించింది. తెలుగులో 'పాండురంగ మహాత్మ్యం' (1957) చిత్రంలో బాలకృష్ణునిగా కనిపించింది. ఆ కృష్ణుడు బాలిక అని ఎరుగని ప్రేక్షకులు నేటికీ ఉన్నారు. మలయాళంలో 'భార్గవీ నిలయం' (1964), తెలుగులో 'రంగులరాట్నం' (1966) ఈమెను కథానాయికగా నిలబెట్టాయి. బాపు తొలి చిత్రం 'సాక్షి' (1967)లో కృష్ణ సరసన నటించింది. తరువాత వారిద్దరూ వివాహం చేసుకున్నారు.

దర్శకురాలిగా

తెలుగులో అంతకు ముందే భానుమతి, సావిత్రి దర్శకత్వం చేపట్టారు. అయితే వారు ప్రధానంగా నటీమణులుగానే గుర్తుండిపోయారు. దర్శకత్వాన్నే దశాబ్దాల పాటు వృత్తిగా సాగించినది విజయనిర్మల.

1973లో మలయాళంలో 'కవిత', తెలుగులో 'మీనా' చిత్రాలను రూపొందించింది. యద్దనపూడి సులోచనారాణి నవల ఆధారంగా తీసిన 'మీనా'లో నాయిక పాత్రను కూడా తానే ధరించింది. తల్లి అదుపాజ్ఞలలో పెరిగిన సంపన్న యువతి పల్లెకు వెళ్ళి తన మనసేమిటో తెలుసుకోవడం ఇందలి కథ. ఈమె చిత్రాలలో ముందుగా చెప్పుకోదగినది ఇదే.

1974లో కృష్ణ కథానాయకుడిగా 'దేవదాసు' తీసింది. 1953 నాటి చిత్రంలో అక్కినేని నాగేశ్వరరావు నటన జనం మనసులలో ముద్రపడి ఉండగా ఇది సాహసమే. ప్రేక్షకులు ఆదరించలేదు. ఆ అక్కినేనినే 1979లో 'హేమాహేమీలు' చిత్రంలో డైరెక్ట్ చేయడం విశేషం. 'కిలాడి కృష్ణుడు' (1980) ద్వారా విజయశాంతిని తెలుగు తెరకు పరిచయం చేసింది. 'ప్రేమ సంకెళ్ళు' (1982)లో కుమారుడు నరేష్‌ను కథానాయకునిగా నిలిపింది. అతడు కూడా 'పండంటి కాపురం' (1972)లో బాలనటుడే.

గిన్నిస్ రికార్డు వలన ఈమె చిత్రాల కంటె వాటి సంఖ్యకే ప్రచారం ఎక్కువైంది. వీటిలో పలు చిత్రాలు వ్యాపార సరళిలో తీసినవే. కాని స్త్రీకి మెగాఫోన్ అప్పగించడానికి నిర్మాతలు వెనుకాడిన కాలంలో అన్ని చిత్రాలను పూర్తిచేసి విడుదల వరకు తేవడం సామాన్య విషయం కాదు. 2008 సంవత్సరానికి రఘుపతి వెంకయ్య పురస్కారం లభించింది. 'నేరము శిక్ష' (2009) ఈమె చివరి చిత్రం.

చివరి రోజులు

తెలుగు చిత్ర పరిశ్రమ మద్రాసు నుండి హైదరాబాదుకు తరలిన తరువాత ఈ దంపతులు క్రమంగా నగరానికి పడమటనున్న నానక్‌రామ్‌గూడలో స్థిరపడ్డారు. అది నేడు ఐటీ కార్యాలయాల నడుమ ఉన్న ప్రాంతం. దాని సమీపంలోని గచ్చిబౌలిలో ఒక ఆసుపత్రిలో చికిత్స పొందుతూ 2019 జూన్ 27న ఈమె మరణించింది.