దీర్ఘకాలిక శ్వాసకోశ వ్యాధి – రోగి చేతిలోని వైద్యము

మార్గశిరము ప్రవేశించి, కొల్లేటి మీది మంచు తెల్లవారుజామున గ్రామములపైకి దిగుట మొదలైన పిమ్మట, ముదినేపల్లి ప్రాంతములోని వైద్యుల ఇండ్ల అరుగులపై ఆయాసముతో కూర్చుండు వృద్ధుల సంఖ్య పెరుగును. ఈ బాధను కొందరు ఉబ్బసమందురు. మా ఇండ్లలో దమా అందురు. పేరేదైనను వీరిలో పెక్కుమందికి ఉన్నది ఉబ్బసము కాదు. ఉబ్బసము తరచు చిన్ననాటనే మొదలై, వచ్చుచు పోవుచుండును. మేము చెప్పబోవు వ్యాధి సాధారణముగా నలువది యేండ్లు దాటిన పిమ్మట బయటపడి, శ్వాసనాళములను ఇరుకుచేసి, ఊపిరితిత్తులలోని గాలితిత్తులను క్రమముగా పాడుచేయును. వైద్యులు దీనిని సి.ఓ.పి.డి. అందురు. స్పైరోమెట్రీ అను ఊపిరి పరీక్ష పట్టణమునకు పోయి ఒక్క మారైనను చేయించుకొనినగాని నిర్ధారణ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారము 2021లో ఈ వ్యాధి వలన 35 లక్షల మంది మరణించిరి.

సంపన్న దేశములలో ఈ రోగులలో నూటికి డెబ్బది మందికి పైగా పొగాకు వలననే దీనికి లోనగుచుండగా, మనవంటి దేశములలో ఆ పాలు ముప్పది నుండి నలువది వరకే. మిగిలిన దానిలో పెద్ద భాగము వంటింటి పొగది. ఏనాడును చుట్ట ముట్టని మన అమ్మమ్మలు, నానీలు పిడకల పొయ్యి, ఊక పొయ్యి ముందు కూర్చుండి గొట్టముతో ఊది ఊది ఈ వ్యాధిని తెచ్చుకొనిరి. 1999లో దీపము పథకము, 2016లో ఉజ్జ్వల పథకము గ్యాసు పొయ్యిలను ఇచ్చినవి. మంచిదే. కాని నలువది యేండ్లు పొగ పీల్చిన ఊపిరితిత్తి గ్యాసు పొయ్యి రాగానే బాగుపడదు.

పూర్తిగా నయము కాని వ్యాధిని సంవత్సరమున 365 దినములు భరించువాడు రోగి. వైద్యుడు అతనిని చూచునది ఏడాదిలో కొద్ది మారులు, చూచినప్పుడెల్ల కొద్ది నిమిషములు. కావున రోగికి తన వ్యాధిని తానే గమనించుకొనుట నేర్పవలెనని వైద్యశాస్త్రము నేడు చెప్పుచున్నది. పొగ మానుట, దినము నడచుట, పెదవులను ఈల వేయునట్లు ముడిచి నెమ్మదిగా ఊపిరి వదలుట – ఇవన్నియు అందులోనివే.

అన్నింటికంటె ఎక్కువగా పొరపాటు జరుగునది పీల్చు మందు విషయములో. నొక్కెడి ఇన్హేలరును ముందు బాగుగా కదపవలెను. ఊపిరి పూర్తిగా వదలి, పెదవులు బిగించి, పీల్చుట ఆరంభించిన క్షణముననే నొక్కి, నిదానముగా లోతుగా లాగి, పది సెకండ్లు బిగబట్టవలెను. చేతికి, ఊపిరికి పొందిక కుదరనివారు స్పేసరు గొట్టమును తగిలించుకొనవలెను. గొట్టములో వేయు పొడి మందు సంగతి వేరు; దానిని వేగముగా, బలముగా పీల్చవలెను. ఈ రెండు పద్ధతులు తారుమారైనచో మందు గొంతులోనే నిలిచిపోవును. పొడి ఉన్న గొట్టము మాత్రను మంచినీళ్ళతో మ్రింగువారును కలరు! స్టిరాయిడు గల మందు పీల్చిన పిమ్మట నోరు పుక్కిలించి ఉమియవలెను. ఈ సంగతులు గల కాగితము సన్నని ఇంగ్లీషు అక్షరములలో ఉండును. ఇంటిలో దానిని చదువగలవారు తరచు మన విద్యార్థులే. మృగశిర కార్తె నాడు చేప మందుకై హైదరాబాదుకు రైలెక్కువారు ఏడాదికి ఒక మారు తీసుకొను మందును నమ్ముదురు; దినమునకు రెండు మారులు పీల్చు మందును మాత్రము "అలవాటైపోవును" అని అనుమానింతురు.

ఐతే నేర్పుట యనగా చేతికొక కాగితమిచ్చి పంపుట కాదు. కెనడాలోని క్యూబెక్ రాష్ట్రములో 191 మంది రోగులతో జరిపిన పరిశోధన ఫలితములు 2003లో వెలువడినవి. శిక్షణ పొందినవారు రోగుల ఇండ్లకు పోయి వారమువారము నేర్పి, పిమ్మట నెలనెలా ఫోనులో పలుకరించిరి. ఏడాదిలో వ్యాధి ముదిరి ఆసుపత్రిలో చేరుట 39.8 శాతము తగ్గెను. 2012లో ప్రకటింపబడిన అమెరికా మాజీ సైనికుల పరిశోధన కథ వేరు. 426 మందితో జరిగిన ఆ పరిశోధనను మధ్యలోనే ఆపవలసివచ్చెను. శిక్షణ పొందిన వర్గములో 28 మంది, పొందని వర్గములో 10 మంది మరణించిరి. కారణము స్పష్టముగా తేలలేదు. అనేక పరిశోధనలను కలిపి చూచిన కొక్రేన్ సమీక్షలలో మొత్తము మీద మేలే కనబడినను, ఆ 28 సంఖ్యను ఏ వైద్యుడును మరువరాదని మా అభిప్రాయము. రోగి ధైర్యము చెందుట వేరు, ఆలస్యము చేయుట వేరు.

కావున రోగి చేతిలో తెలుగులోనో, ఉర్దూలోనో వ్రాసిన ఒక్క పుట ఉండవలెను. ఆయాసము నిత్యముకంటె పెరిగినను, కళ్ళె ఎక్కువై పసుపుపచ్చగా, ఆకుపచ్చగా మారినను ఏ మందు మొదలుపెట్టవలెనో వైద్యుడు అందులో ముందే వ్రాయవలెను. మొదలుపెట్టిన దినముననే రోగి వైద్యునకు తెలుపవలెను. మాట పూర్తి చేయలేకపోయినను, పెదవులు నీలముగా మారినను, మగత కమ్మినను ఆ పుట పనికిరాదు. వెంటనే 108కి ఫోను చేయవలెను. మందుల దుకాణములో అడిగి తెచ్చుకొను చిన్న తెల్ల బిళ్ళలలో తరచు స్టిరాయిడు ఉండును. వానిని నెలల తరబడి మ్రింగినచో ఎముకలు గుల్లబారును, చక్కెర పెరుగును. 2023లో మన రాష్ట్రమున ఆరంభమైన ఫామిలీ డాక్టరు విధానము, వైద్యుడే నెలకు రెండు మారులు గ్రామమునకు పోవలెనను ఆలోచనపై ఏర్పడినది. రోగి ఇన్హేలరును ఎట్లు పీల్చుచున్నాడో కన్నులార చూచుటకు అంతకంటె అనువైన చోటు లేదు.

రంజాను మాసములో పగటి మందును తమంతట తామే మానివేయువారు మన పేటలలో తక్కువ కాదు. ఇన్హేలరు వలన రోజా భంగమగునా యను విషయమున ఉలమాలలో భిన్నాభిప్రాయములు కలవు. వ్యాధిగ్రస్తునకు ఖురానే సడలింపు నిచ్చినది. సహరీకి ఒక మారు, ఇఫ్తారు పిమ్మట ఒక మారు సరిపోవు మందులును కలవు. షాబాను మాసములోనే వైద్యుని కలిసి వేళలు మార్పించుకొనవచ్చును. ఆపద వేళ పీల్చు ఇన్హేలరు మాత్రము పగలైనను, రాత్రియైనను జేబులోనే ఉండవలెను.