అడుగుకో స్టేషను ఎందుకు?



ముంబయిలో లోకల్ రైలెక్కి వచ్చిన మనవాళ్ళు, "ఇలా కూర్చున్నామో లేదో అలా ఇంకో స్టేషనొచ్చేస్తుంది, ఇంత దగ్గరగా ఎందుకు కట్టారో!" అంటూ ఉంటారు. నిజమే మరి. చర్చిగేటు నుంచి దాదరుకి సుమారు 10 కిలోమీటర్లు. ఆ కాస్త దూరంలో రెండు చివరలూ కలుపుకుని 9 స్టేషన్లు!

దూరప్రయాణం చేసే ఎక్స్‌ప్రెస్సుకి ఇన్ని స్టేషన్లు దండగే. లోకల్ రైలు సంగతి వేరు. అది ఇంటికీ పనికీ మధ్య తిరిగే బండి. అందుకని దాని ప్రయాణాన్ని మన ఇంటి గుమ్మం నుంచి లెక్కపెట్టాలి.

చిన్న లెక్క చూద్దాం. రెండు స్టేషన్ల మధ్య 4 కిలోమీటర్లుంటే, నడిమధ్యన కాపురముండే ఇల్లాలు ఎటు వెళ్ళినా 2 కిలోమీటర్లు నడవాలి. చంకలో బిడ్డ, చేతిలో సంచీ ఉంటే అరగంట పట్టేస్తుంది. అదే కిలోమీటరుకో స్టేషనుంటే ఆ నడక అరకిలోమీటరే. పొద్దుపోయాక ఒంటరిగా ఇల్లు చేరే ఆడపిల్లకి ఈ తేడా ఎంతో మీకు చెప్పనక్కర్లేదు.

మరి దీనికి ఖరీదు లేదా? ఉంది. రైలు వేగం తగ్గి, ఆగి, మళ్ళీ అందుకునేసరికి ఆగినచోటల్లా నిమిషమో, ఆపైనో పోతుంది. లోపలున్న వాళ్ళందరికీ పోతుంది. ఒకరి నడక తగ్గితే ఇంకొకరి ప్రయాణం పెరుగుతుందన్నమాట.

ఈ చిక్కు తీరడానికి రెండు ఉపాయాలు అక్కరకొచ్చాయి. మొదటిది కరెంటు. 1925లో బొంబాయి నుంచి కుర్లాకి దేశంలో తొలి కరెంటు రైలు నడిచింది. ఆవిరి ఇంజను నింపాదిగా కదిలితే, కరెంటు రైలు చప్పున వేగం అందుకుంటుంది. కాబట్టి మాటిమాటికీ ఆగినా నష్టం తక్కువ. రెండోది, పట్టాలు వేరుచెయ్యడం. స్లో లోకలు అన్నిచోట్లా ఆగుతుంది, ఫాస్టు లోకలు ముఖ్యమైన చోట్లే ఆగుతుంది.

అయితే పరేలు, ప్రభాదేవి స్టేషన్ల సంగతి ఇంకో రకం. నడకవంతెన దాటితే ఒకదాన్నుంచి ఇంకోదానికి వెళ్ళిపోవచ్చు. ఇంత దగ్గరగా రెండెందుకూ అంటే, అవి ఒక చేత్తో కట్టినవి కావు. 1853లో ఠాణాకి రైలు నడిపిన గ్రేట్ ఇండియన్ పెనిన్సులా కంపెనీది ఒక దారి, బరోడా వైపు నుంచి వచ్చిన కంపెనీది ఇంకో దారి. ఎవరి పట్టాలు వారివి, ఎవరి స్టేషన్లు వారివి. 1951లో అవి సెంట్రల్, వెస్టర్న్ రైల్వేలయ్యాయి గాని స్టేషన్లు ఎక్కడివక్కడే ఉండిపోయాయి.

ఆ చుట్టుపక్కలంతా ఒకప్పుడు బట్టల మిల్లులు. మన తెలంగాణ నుంచి వెళ్ళిన నేతపనివారూ ఆ మిల్లుల్లో పనిచేశారు. 1982 సమ్మె తర్వాత మిల్లులు ఒక్కొక్కటే మూతపడి, ఆ స్థలాల్లో పెద్దపెద్ద ఆఫీసులు లేచాయి. జనం పెరిగారు, వంతెన మాత్రం పెరగలేదు. 2017 సెప్టెంబరు 29 పొద్దున, వానకి ఆగినవాళ్ళూ రైలు దిగినవాళ్ళూ ఆ ఇరుకు మెట్లమీద కిక్కిరిసిపోయి, తొక్కిసలాటలో 23 మంది ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ తర్వాత, 2018లో, సైన్యం వారు అక్కడ కొత్త వంతెన కట్టారు.

మన హైదరాబాదులో 2003లో మొదలైన ఎం.ఎం.టి.ఎస్. దారిలోనూ విద్యానగర్, జామియా ఉస్మానియా, ఆర్ట్స్ కాలేజి స్టేషన్లు దగ్గర దగ్గరగానే ఉన్నాయి. దగ్గరగా ఉండడం దుబారా కాదమ్మా, మన కాళ్ళకి ఆదా. కాని స్టేషను దగ్గరుంటే చాలదు. అక్కడికి చేరే దారిలో దీపం ఉండాలి, మెట్లు వెడల్పుగా ఉండాలి. మన పేటకి స్టేషను కావాలని అర్జీ రాసేటప్పుడు ఆ రెండు మాటలూ కూడా రాయడం మరిచిపోకండి.

సెలవు.