ఇరుగుపొరుగు తగవులు: కారిమంగళము సీమలో హద్దు, చప్పుడు

ధర్మపురికిని కృష్ణగిరికిని నడుమ రాజమార్గముమీద కారిమంగళము కలదు. ఈ సీమలోని తెలుగు కుటుంబములకు ఇంట మాట తెలుగు, కచేరీలో కాగితము తమిళము. ఇట్టిచోట ఇరుగుపొరుగువారికి తగవు పుట్టినప్పుడు దానిని తీర్చుకొను మార్గము తెలిసియుండుట మిక్కిలి అవసరము. ఆ తగవులలో ముఖ్యమైనవి రెండు: ఒకటి హద్దు, రెండవది చప్పుడు. మొదటిది నేలకు సంబంధించినది, రెండవది గాలిలో వచ్చునది. చూచుటకు వేరైనను రెంటికిని మూలమొక్కటియే. తన స్వేచ్ఛ ఎచ్చట ముగిసి పొరుగువాని హక్కు ఎచ్చట మొదలగునో తెలుపు గుర్తును ఇరువురును కలిసి నిర్ణయించుకొనకుండుటయే ఆ మూలము.

పూర్వుల పద్ధతి

హద్దు తగవు నేటిది కాదు. మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయమున చెప్పబడిన పదునెనిమిది వ్యవహారపదములలో సీమావివాదము ఒకటి. హద్దులయందు మర్రి, రావి, మోదుగ, బూరుగ, తాడి మొదలగు చిరకాలము నిలుచు చెట్లు నాటవలెననియు, అవి నశించినను ఆధారము మిగులుటకై రాళ్లు, ఎముకలు, ఊక, బూడిద, పెంకులు, బొగ్గులు, ఇసుక భూమిలో పాతిపెట్టవలెననియు అందు కలదు. గుర్తులు చక్కగా కనబడు జ్యేష్ఠమాసమున ఇట్టి తగవును తీర్పవలెనని విధించిరి. వేసవిలో పైరును గడ్డియు లేక నేల బయటపడియుండును గదా. సాక్షులు తలపై మన్నుంచుకొని, తమ సుకృతముమీద ప్రమాణము చేసి హద్దు చూపవలెను.

యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన మితాక్షర ననుసరించి పదమూడవ శతాబ్దమున మూలఘటిక కేతన విజ్ఞానేశ్వరీయమును తెలుగు పద్యములలో రచించెను. వ్యవహారధర్మము జనులకు తెలిసిన భాషలో ఉండవలెనను దృష్టి ఆనాటికే తెలుగువారిలో కలదని దీనివలన గ్రహింపవచ్చును.

ఈ విధులలో మూడు అంశములు గమనింపదగినవి: పైకి కనబడు గుర్తు, లోపల దాగిన గుర్తు, ఊరెరిగిన సాక్షి. నేటి పద్ధతిలోను ఈ మూడే వేరు రూపములలో నిలిచియున్నవి. పైకి కనబడునది సర్వే రాయి. దాగినది కచేరీలోని కొలత పటము. సాక్షి పొరుగు రైతు.

బారామహలు కొలత

కారిమంగళపు సీమ పూర్వము బారామహలులోనిది. 1792లో శ్రీరంగపట్టణపు సంధివలన టిప్పు సుల్తాను బారామహలును ఈస్టిండియా కంపెనీకి విడిచెను. కెప్టెన్ అలెగ్జాండరు రీడు ఆధిపత్యమున థామస్ మన్రో మొదలగు సహాయకులు ఇచ్చటి పొలములను కొలిపించి శిస్తులు కట్టిరి. రైతువారీ పద్ధతిలో శిస్తు పొలమునుబట్టియు రైతునుబట్టియు ఏర్పడును గనుక, ప్రతి గట్టునకును వ్రాతపూర్వకమైన లెక్క అవసరమయ్యెను. 1799 వరకు ఇచ్చట పనిచేసిన మన్రో 1800లో దత్తమండలములకు ప్రధాన కలెక్టరయ్యెను. కడప, బళ్లారి సీమల రైతులకు ఆయన వర్తింపజేసిన కొలతకు బారామహలు అనుభవమే పునాది.

మన్రో అధ్యక్షతను ఏర్పడిన న్యాయసంస్కరణ సంఘపు కృషి ఫలితముగా 1816లో మద్రాసు ప్రభుత్వము కొన్ని రెగ్యులేషనులు చేసెను. నాల్గవ దానివలన గ్రామ మునసబులకును, అయిదవ దానివలన గ్రామ పంచాయతులకును వ్యాజ్యములు విచారించు అధికారము లభించెను. హద్దు తగవుమీద ఆధారపడిన భూమి, పైరుల వివాదములను పంచాయతికి అప్పగించుటకు పండ్రెండవ రెగ్యులేషను కలెక్టరునకు వీలు కల్పించెను. గట్టు సంగతి ఆ గట్టుమీద నడచినవారికే బాగుగా తెలియునను నమ్మకము దీనికి ఆధారము.

నేటి రాయి, నేటి పటము

ఇప్పుడు తమిళనాడునందు అమలులోనున్నది 1923 నాటి సర్వే, హద్దుల చట్టము. అప్పటి మద్రాసు రాష్ట్రములో పుట్టినదగుటచే ఆంధ్ర ప్రాంతమునకును ఇదియే మూలము. వివాదము లేని హద్దును సర్వే అధికారి కొలిచి నిర్ణయించును. వివాదమున్నచో ఇరుపక్షములను విచారించి, కారణములు వ్రాసి నిర్ణయము చేయవలెను. దానిపై అప్పీలు కలదు. సర్వే ముగిసినట్లు ప్రకటన వెలువడిన పిమ్మట ఆ హద్దు ప్రమాణమగును. కాదనువాడు మూడేండ్లలోపల సివిలు కోర్టులో దావా వేయవలెను. తన భూమిలోని సర్వే రాళ్లను కాపాడుట పట్టాదారుని విధి. వానిని తొలగించుట నేరము.

రాయి పోయినను పటములోని కొలతలనుబట్టి దాని స్థానమును మరల కనుగొనవచ్చును. సామాన్యముగా జరుగునది దొంగతనము కాదు, క్రమక్షయము. ప్రతి దుక్కిలోను నాగలి గట్టును బెత్తెడు కోయును, ఎవడును గమనింపడు. పదియేండ్లకు ఒక సాలు పోవును. పోయినవాడు దానిని కుట్రయనును, కోసినవాడు తన తాతనాటి గట్టనును. ఇరువురును నిజమే చెప్పుచున్నామని నమ్మియుందురు. ఉపేక్షించుట అపాయకరము. 1963 పరిమితి చట్టము ప్రకారము పండ్రెండేండ్లు బహిరంగముగా, ఎదురుహక్కుతో సాగిన అన్యాక్రమణ అసలు సొంతదారుని హక్కునే హరింపగలదు.

తెలుగు కుటుంబములకు మరియొక చిక్కు కలదు. పాత దస్తావేజులో విస్తీర్ణము ఎకరములు, సెంట్లలో నుండును. పట్టాలో హెక్టేరులు, ఆరులలో నుండును. ఒక సెంటు 435.6 చదరపు అడుగులు. ఒక ఆరు సుమారు 2.47 సెంట్లు. దస్తావేజులో ఎకరము 20 సెంట్లున్న పొలము సరిగా లెక్కించిన 48.56 ఆరులగును. పట్టాలో అది 48.50 అని సవరింపబడినచో సుమారు ఆరు చదరపు మీటర్ల తేడా కనబడును. అది పొరుగువాడు ఆక్రమించినది కాదు, లెక్క గుండ్రము చేయుటలో వచ్చినది. తమిళ కాగితమును చదువలేనివాడు ఈ తేడాను చూచి కలహమునకు దిగిన ఆశ్చర్యము లేదు. పూర్వము ఇట్టివి విడమరచి చెప్పుటకు ఊరి కరణముండెను. వంశపారంపర్యపు గ్రామోద్యోగములు తమిళనాడున 1980లోను, ఆంధ్రప్రదేశమున 1984లోను రద్దయినవి. పరిపాలనకు అది సంస్కరణమే. అయినను ఇంటి భాషలో లెక్క చెప్పు మనిషి మాత్రము పోయెను.

పట్టా శిస్తు లెక్కకు ఆధారమే కాని, స్వామ్యమునకు అదియొక్కటే చాలదు. స్వామ్యమును తేల్చునది సివిలు కోర్టు. అచ్చటను సామాన్యముగా కమిషనరు స్థలమునకు వచ్చి కొలిపించి నివేదిక ఇచ్చును. చివరకు చేరునది మరల గట్టువద్దకే.

శబ్దమునకు హద్దు

చప్పుడునకు రాయి పాతుట సాధ్యము కాదు. పెండ్లి పందిటి ధ్వనివర్ధకము, జాతర పాట, పిండిమర, నడిరేయి తిరుగు నీటి మోటారు గోడలను లెక్కచేయవు. అందుచే చట్టము శబ్దమునకు రెండు హద్దులు పెట్టినది: కాలము, కొలత. 2000వ సంవత్సరపు శబ్దకాలుష్య నిబంధనల ప్రకారము నివాస ప్రాంతమున పగలు 55, రాత్రి 45 డెసిబెల్లు పరిమితి. రాత్రి పదిగంటల నుండి ఉదయమారుగంటల వరకు ధ్వనివర్ధకములు నిషిద్ధము. పండుగలకు అర్ధరాత్రి వరకు ప్రభుత్వము సడలింపు ఈయవచ్చును గాని, అది ఏటికి పదునైదు దినములు మించరాదు. సొంత స్థలమున మ్రోగు వాద్యయంత్రపు ధ్వని ఆ స్థలపు సరిహద్దువద్ద పరిమితికంటె ఐదు డెసిబెల్లు మించరాదని నిబంధన. భూమికి హద్దైన గోడయే ఇచ్చట శబ్దమును కొలుచు తావైనది.

చెన్నపట్టణపు నివాసుల ఫిర్యాదువలన పుట్టిన ఒక వ్యాజ్యములో 2000 ఆగస్టు 30న సుప్రీముకోర్టు, ఇతరుల శాంతిని భంగపరచి ప్రార్థన చేయుమని ఏ మతమును విధింపలేదని చెప్పెను. 2005 జూలై 18 నాటి తీర్పులో శబ్దబాధ లేక బ్రతుకుట జీవనహక్కులోని భాగమని స్థిరపరచెను.

కాని జాతరనాడు పోలీసులను పిలిచినవాడు మరునాడు ఆ వీధిలోనే నడువవలెను. అందుచే ముందుమాట మేలు. పెండ్లివారు పందిరి వేయుటకు ముందే పొరుగింటికి పోయి ఏ వేళకు ఆపుదురో చెప్పుట, పరీక్షలకు చదువు పిల్లలుగాని రోగులుగాని ఉన్న ఇంటివైపు పెట్టె త్రిప్పకుండుట, మోటారు క్రింద రబ్బరు దిమ్మ వేయుట అల్పవ్యయముతో తీరు పనులు.

తగవు తీరు క్రమము

హద్దు తగవున మొదట చేయవలసినది కాగితములు కూర్చుట: దస్తావేజు, దాని మూలపత్రము, పట్టా, కొలత పటపు నకలు. రెండవది, ఇరువురును కలిసి తాలూకా కచేరీలో కొలతకు దరఖాస్తు పెట్టుట. ఒకరే పిలిపించిన సర్వేయరును రెండవవాడు ఎదుటివాని మనిషియనుకొనును. కలిసి పిలిచినచో ఆ అనుమానము తగ్గును. కొలుచునాడు నాలుగు దిక్కుల పొరుగువారును ఉండవలెను. రాయి పాతిన పిమ్మట కుదిరిన సంగతిని ఇరుపక్షములకును తెలిసిన భాషలలో వ్రాసి చేవ్రాలు చేయవలెను.

అంతటితో తీరకున్నచో న్యాయసేవా సంఘము కలదు. 1987 చట్టము క్రింద లోకదాలతులో కుదిరిన రాజీ సివిలు కోర్టు డిక్రీతో సమానము. దానిపై అప్పీలు లేదు. కోర్టు వ్యాజ్యము అచ్చట ముగిసినచో కట్టిన రుసుమును తిరిగి ఇత్తురు. ఒక ప్రాంతపు ప్రశాంతికి భంగము కలిగించు తగవులకై ఉభయుల అంగీకారముతో ముగ్గురు మధ్యవర్తుల ఏర్పాటును 2023 మధ్యవర్తిత్వ చట్టములో పొందుపరచిరి.

ఈ క్రమములో తెలుగు సంఘములు చేయదగిన పని యొకటి కలదు. న్యాయము చెప్పుట సంఘమునకు తగదు. తనవారి పక్షము వహించుట అంతకంటె తగదు. తమిళ పట్టాను చదివి తెలుగున అర్థము చెప్పుట, ఆరులను సెంట్లుగా లెక్కగట్టి చూపుట, రాజీపత్రమును ఉభయభాషలలో వ్రాసిపెట్టుట మాత్రము దానికి తగును. పొరుగువాడు తమిళుడైనను తెలుగువాడైనను అదే కాగితము ఇరువురికిని ఒకే మాట చెప్పవలెను. అట్లు చెప్పిననాడు అనేకమైన తగవులు కోర్టు గడప త్రొక్కకుండ గట్టువద్దనే తీరును.