కంటైనర్ పోయినా లాగ్ మిగలాలంటే...

పుదుచ్చేరి నుంచి తూర్పు తీర రహదారి మీద ఉత్తరంగా వెళితే, కాలాపట్ దగ్గర పిళ్ళైచావడి వస్తుంది. 1984లో ఇంజనీరింగ్ కాలేజీగా మొదలైన నేటి పుదుచ్చేరి సాంకేతిక విశ్వవిద్యాలయం ఉన్నది ఇక్కడే. కాకినాడ పక్కనున్న యానాం కూడా పుదుచ్చేరిలో భాగమే కాబట్టి ఈ ఊరి పేరు చాలామంది తెలుగు విద్యార్థులకు పరిచయమే.

యానాంలో ఒక విద్యార్థి ఎక్కడో దూరాన ఉన్న ఒక కాలేజీకి ఆన్‌లైన్‌లో ఫీజు కట్టాడనుకుందాం. ఖాతాలో డబ్బు తగ్గింది, రసీదు మాత్రం రాలేదు. గడువు ఆ రాత్రితో ముగుస్తుంది. అసలేం జరిగిందో చెప్పగల సాక్షి ఒక్కటే: సాఫ్ట్‌వేర్ రాసుకునే లాగ్. ఏ క్షణంలో ఏ పని మొదలైంది, ఎక్కడ ఆగింది అని వరుసగా నమోదయ్యే దినచర్య అది.

సాక్ష్యం ఎందుకు చెరిగిపోతుంది?

ఈ రోజుల్లో ఇలాంటి సేవలు ఎక్కువగా కంటైనర్లలో నడుస్తున్నాయి. ఒక ప్రోగ్రామును దానికి కావలసిన సరంజామాతో కలిపి కట్టిన మూటే కంటైనర్. 2013లో డాకర్ వచ్చాక ఈ పద్ధతి బాగా వ్యాపించింది. రద్దీ పెరిగితే పది కంటైనర్లు పుడతాయి, తగ్గితే పోతాయి. ఒకటి చెడిపోతే దాని స్థానంలో కొత్తది వస్తుంది.

చిక్కు ఇక్కడే ఉంది. కంటైనర్ రాసే లాగ్ మామూలుగా అది నడిచే కంప్యూటర్‌లోనే ఒక ఫైలులో చేరుతుంది. కంటైనర్లను అజమాయిషీ చేసే కుబర్నెటిస్‌లో, ప్రత్యేకంగా మార్చకపోతే, ఒక్కో కంటైనర్‌కు సుమారు 10 ఎంబీల ఫైళ్లు ఐదు మాత్రమే ఉంటాయి. అవి నిండితే పాతవి పోతాయి. కంటైనర్‌ను ఆ కంప్యూటర్ నుంచి తొలగిస్తే లాగ్ కూడా దానితోపాటే పోతుంది. మన విద్యార్థి ఫిర్యాదు చేసేసరికి సాక్ష్యం మిగలకపోవచ్చు.

నేరుగా పంపితే?

లాగ్‌ను వెంటనే వేరే చోట ఉన్న నిల్వకు పంపవచ్చు. కానీ రద్దీ వేళ ఆ నిల్వ నెమ్మదిస్తే? డాకర్‌లో రెండు దారులున్నాయి. మొదటి పద్ధతిలో, లాగ్ వెళ్లేదాకా ప్రోగ్రామ్ ఆగి ఎదురుచూస్తుంది. అంటే లాగ్ కోసం ఫీజు చెల్లింపే నిలిచిపోవచ్చు. రెండో పద్ధతిలో ప్రోగ్రామ్ ఆగదు, లాగ్ చిన్న తాత్కాలిక నిల్వలోకి వెళుతుంది. అది నిండితే కొన్ని లాగ్‌లు పోతాయి. ఒక దారిలో పని ఆగుతుంది, మరో దారిలో సాక్ష్యం పోతుంది.

మధ్యలో ఒక చావడి

పూర్వం బాటసారులు ఆగి సేదతీరే చోటును చావడి అనేవారు. లాగ్‌లకు అలాంటి చావడి సందేశ వ్యవస్థ. పంపేవారు సందేశాన్ని అక్కడ దించి తమ పనికి వెళ్లిపోతారు. తీసుకునేవారు తమకు వీలైన వేగంతో వచ్చి తీసుకుంటారు. ఒకరి ఆలస్యం మరొకరిని ఆపదు.

వీటిలో పేరున్నది కాఫ్కా. లింక్డ్‌ఇన్ ఇంజనీర్లు జే క్రెప్స్, పుణెకు చెందిన నేహా నార్ఖేడే, జున్ రావ్ తయారుచేసిన ఈ వ్యవస్థ 2011లో అందరికీ ఉచితంగా అందుబాటులోకి వచ్చింది. వచ్చిన ప్రతి సందేశాన్నీ ఇది డిస్కు మీద వరుస సంఖ్యతో చివరన చేరుస్తుంది. ప్రతులను వేర్వేరు కంప్యూటర్లలో ఉంచితే ఒకటి ఆగినా సమాచారం నిలుస్తుంది. చదివినంత మాత్రాన సందేశం చెరిగిపోదు. కాబట్టి అవే లాగ్‌లను భద్రతా బృందమూ, మరమ్మతు బృందమూ విడివిడిగా చదువుకోవచ్చు.

ప్రతి కంప్యూటర్‌లోనూ ఫ్లూయెంట్ బిట్ వంటి చిన్న ప్రోగ్రామ్ ఒకటి ఉండి, ఫైళ్లలో పడే కొత్త వాక్యాలను చదివి కాఫ్కాకు పంపుతుంది. పాత ఫైళ్లు పోయేలోపు ఇది జరగాలి.

జాగ్రత్తలు

వేగం కోసం కాఫ్కా సందేశాలను పాయలుగా విడదీస్తుంది. వరుస క్రమం ఒక పాయ లోపలే ఖాయం. అందుకే ఒక చెల్లింపుకు చెందిన లాగ్‌లన్నింటికీ ఒకే గుర్తింపు సంఖ్య ఇచ్చి ఒకే పాయలోకి పంపాలి. అందిందన్న జవాబు రాకపోతే పంపే ప్రోగ్రామ్ అదే సందేశాన్ని మళ్లీ పంపవచ్చు. ఒకే చెల్లింపు రెండుసార్లు కనిపిస్తే డబ్బు రెండుసార్లు పోయిందని అనుకోకూడదు.

చావడి శాశ్వత నివాసం కాదు. మార్చకపోతే కాఫ్కా ఏడు రోజులే సందేశాలు ఉంచుతుంది. మన దేశ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలి. అందుకే కాఫ్కా నుంచి వాటిని దీర్ఘకాల నిల్వకు చేర్చాలి. పాస్‌వర్డులు, ఆధార్, కార్డు సంఖ్యలు లాగ్‌లోకి రాకుండా మొదటే తొలగించాలి. లేకపోతే సాక్ష్యంతోపాటు రహస్యాలూ పది చోట్లకు చేరతాయి.

ఇవన్నీ సరిగా అమరితే, రసీదు రాని విద్యార్థి ఫోన్ చేసినప్పుడు అవతలి ఉద్యోగి చెల్లింపు సంఖ్య అడిగి, డబ్బు ఎక్కడ ఆగిందో చూసి చెప్పగలడు. ఆ పని చేసిన కంటైనర్ అప్పటికే కనుమరుగై ఉన్నా సరే.