డేటాబేసులో పరిమిత సెటప్ అధికారాలు: భూ రికార్డుల నిర్వహణలో ఎవరికి ఎంత?

(ప్రత్యేక వ్యాసం)

2016 అక్టోబరు 11న రాష్ట్రంలో 21 కొత్త జిల్లాలు ఆవిర్భవించాయి. పూర్వపు వరంగల్ జిల్లా నుండి జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు వేరుపడ్డాయి. ఖమ్మం జిల్లాలోని గార్ల, బయ్యారం మండలాలు మహబూబాబాద్‌లోను, కరీంనగర్ జిల్లాలోని కాటారం, మహదేవపూర్ మండలాలు భూపాలపల్లిలోను చేరాయి. 2019 ఫిబ్రవరి 17న ములుగు ప్రత్యేక జిల్లాగా ఏర్పడటంతో భూపాలపల్లి సరిహద్దు మరొకసారి మారింది. పటంపై సరిహద్దు గీత మార్చడం ఒక పూట పని. కంప్యూటరులోని భూ రికార్డులలో అదే మార్పు చేయాలంటే ప్రతి గ్రామం ఏ మండలానికి, ప్రతి మండలం ఏ డివిజనుకు, ప్రతి అధికారి లాగిన్ ఏ పరిధికి చెందుతుందో తిరిగి నమోదు చేయవలసి ఉంటుంది.

ఈ పనిని సాంకేతిక పరిభాషలో సెటప్ అంటారు. రైతు పేరు, విస్తీర్ణం, సర్వే నంబరు వంటివి డేటా. పట్టికల నిర్మాణం, ప్రోగ్రాము రాత డెవలపర్ల పని. ఈ రెంటికీ నడుమ ఉన్నదే సెటప్. కొత్త వినియోగదారుని చేర్చడం, బదిలీ అయిన అధికారి లాగిన్‌ను నిలిపివేయడం, కార్యాలయానికి పరిధిని కేటాయించడం, ఏ దరఖాస్తు ఏ స్థాయి అధికారికి వెళ్లాలో నిర్ణయించడం దీని కిందకు వస్తాయి. ఇవి ప్రోగ్రాము రాయడం తెలియనివారు కూడా చేయగలిగినవే. అయితే డేటా కన్నా సెటప్ సున్నితమైనదన్న విషయాన్ని పలు కార్యాలయాలు గుర్తించడం లేదు. డేటాలో ఒక పొరపాటు జరిగితే ఒక ఖాతాదారునికి నష్టం వాటిల్లుతుంది. సెటప్‌లో పొరపాటు జరిగితే ఒక మండలం మొత్తం ఇబ్బంది పడుతుంది.

ధరణి అనుభవం ఈ విషయాన్ని స్పష్టం చేస్తుంది. 2020 అక్టోబరు 29న ప్రారంభమైన ధరణి పోర్టల్‌లో తహశీల్దార్లు వ్యవసాయ భూములకు జాయింట్ సబ్ రిజిస్ట్రార్లుగా వ్యవహరించారు. రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ ఒకే రోజున పూర్తి కావడం రైతులకు సౌలభ్యం కలిగించింది. కానీ పాసుపుస్తకంలో పేరు తప్పుపడినా, విస్తీర్ణం తగ్గినా సరిచేసే అధికారం తహశీల్దారుకు లేకపోయింది. టీఎం-33 వంటి మాడ్యూళ్ల ద్వారా దరఖాస్తు జిల్లా కలెక్టరు వరకు వెళ్లవలసి వచ్చింది. అదే సంవత్సరం గ్రామ రెవెన్యూ అధికారుల పోస్టులు రద్దు కావడంతో క్షేత్రస్థాయి విచారణ భారం సైతం మండలంపైనే పడింది. కాళేశ్వరం పరిసరాలలోని మహదేవపూర్ మండల రైతుకు ఒక అక్షర దోషం సవరణ కూడా భూపాలపల్లి కలెక్టరేట్‌తో ముడిపడింది. అవినీతిని అరికట్టే ఉద్దేశంతో అధికారాలను ఒకే చోట కేంద్రీకరించినప్పుడు, నిజాయితీగా పరిష్కారం కాగల పనులు కూడా అక్కడే నిలిచిపోతాయి.

2024 జనవరిలో ధరణిపై ప్రభుత్వం ఒక కమిటీని నియమించింది. అదే ఏడాది మార్చిలో పెండింగ్ దరఖాస్తుల పరిష్కారానికి ప్రత్యేక డ్రైవ్ చేపట్టి తహశీల్దార్లు, ఆర్డీవోలు, అదనపు కలెక్టర్లు, కలెక్టర్లకు అధికారాలను పంచింది. అనంతరం పోర్టల్ నిర్వహణ బాధ్యత ప్రైవేటు సంస్థ నుండి జాతీయ సమాచార విజ్ఞాన కేంద్రానికి (ఎన్ఐసీ) మారింది. 2025 ఏప్రిల్ 14న భూభారతి ప్రారంభమైంది. తొలుత నాలుగు మండలాలలో ప్రయోగాత్మకంగా అమలు చేయగా, వాటిలో ములుగు జిల్లా వెంకటాపూర్ ఒకటి. రామప్ప ఆలయం ఉన్న ఈ మండలం 2016 నుండి 2019 వరకు భూపాలపల్లి జిల్లాలో ఉండేది. భూభారతి చట్టం రికార్డుల సవరణ అధికారాన్ని వివిధ స్థాయిలకు విభజించి, అప్పీలుకు అవకాశం కల్పించింది.

పాత్రికేయులు ఇక్కడ ఒక అంశాన్ని గమనించవలసి ఉంది. ఉత్తర్వు జారీ కావడం, అధికారం అమలులోకి రావడం రెండూ వేర్వేరు ఘట్టాలు. ఉత్తర్వు తహశీల్దారుకు అధికారం ఇచ్చినా, ఆయన లాగిన్‌లో ఆ మాడ్యూలు తెరుచుకోనంత వరకు రైతు పని జరుగదు. దీనికి విరుద్ధంగా, ఉత్తర్వు అధికారాన్ని ఉపసంహరించినా లాగిన్‌లో అనుమతి మిగిలిపోతే అధికారం లేని వ్యక్తి చేతిలో అధికారం ఉన్నట్లే. ఈ రెండవ స్థితి గురించి ఫిర్యాదు చేసేవారు ఉండరు. కనుక అది చాలా కాలం బయటపడదు.

డేటాబేసు సాఫ్ట్‌వేరులో అనుమతి ఇచ్చే ఆదేశాన్ని గ్రాంట్ అని, ఉపసంహరించే ఆదేశాన్ని రివోక్ అని అంటారు. ఒక్కొక్క ఉద్యోగికి విడివిడిగా అనుమతులు ఇస్తే బదిలీల సమయంలో లెక్క తప్పుతుంది. అందువల్ల హోదాను బట్టి ‘రోల్’ను రూపొందించి, ఉద్యోగిని అందులో చేర్చడం, తీసివేయడం చేస్తారు. 1992లో అమెరికాకు చెందిన ఫెరాయిలో, కూన్ అనే పరిశోధకులు ఈ విధానాన్ని శాస్త్రీయంగా నిర్వచించారు. ఎస్‌క్యూఎల్ ప్రమాణంలో 1999లో రోల్‌కు స్థానం లభించింది. మన రెవెన్యూ శాఖకు ఈ భావన కొత్తది కాదు. చార్జి అప్పగించిన రోజే అధికారం చేతులు మారుతుంది. అది కుర్చీకి చెందినదే తప్ప వ్యక్తికి చెందినది కాదు.

చిక్కు వచ్చేది అనుమతులు ఇచ్చే అనుమతి వద్దనే. జిల్లా స్థాయిలో ఒక అధికారికి వినియోగదారులను చేర్చే వీలు కల్పించామనుకుందాం. ఆయన తనకు లేని అధికారాన్ని తనకు తానే కట్టబెట్టుకోగలిగితే పరిమితి అనే మాటకు అర్థమే ఉండదు. ఇది ఊహ కాదు. పోస్ట్‌గ్రెస్ అనే ప్రసిద్ధ డేటాబేసులో రోల్స్ సృష్టించే అనుమతి ఉన్న వినియోగదారు 2023కు పూర్వం సూపర్‌యూజర్లు కాని రోల్స్ అన్నింటినీ మార్చగలిగేవారు. ఆ దారిన దాదాపు పూర్తి ఆధిపత్యం పొందే అవకాశం ఉండేది. ఆ సంవత్సరం విడుదలైన 16వ వెర్షన్‌లో, తనకు నిర్వహణ హక్కు ఉన్న రోల్స్‌కు మాత్రమే ఆ అనుమతిని పరిమితం చేశారు. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో భద్రతా నిర్వాహకుని రోల్‌ను సర్వాధికారితో సమానంగా పరిగణించాలని మైక్రోసాఫ్ట్ తన మార్గదర్శకాలలోనే పేర్కొన్నది. పేరు చూసి పరిమితమైనదని భావించి ఇచ్చిన అనుమతి నిజానికి పరిమితం కాకపోవచ్చునని దీనిని బట్టి తెలుస్తుంది.

జిల్లా స్థాయికి ఇవ్వదగిన సెటప్ అధికారానికి హద్దులు స్పష్టంగా ఉండాలి. జనగామ నిర్వాహకుని తెరపై జనగామ జిల్లా కార్యాలయాలు, వినియోగదారులు మాత్రమే కనిపించాలి. ముందుగా ఆమోదించిన రోల్స్‌లో ఉద్యోగిని చేర్చడం, తొలగించడం మినహా కొత్త రోల్ సృష్టించే వీలు ఉండరాదు. తన సొంత రోల్‌ను, తనకన్నా పైస్థాయి వారి రోల్‌ను మార్చే అవకాశం ఇవ్వరాదు. ఒకరు ప్రతిపాదిస్తే మరొకరు ఆమోదించే పద్ధతి తప్పనిసరి. ఇన్‌చార్జిగా ఇచ్చే అనుమతికి గడువు తేదీని ముందే నమోదు చేస్తే, ఆ తేదీ దాటగానే అది దానంతట అదే రద్దవుతుంది.

జిల్లాకు ఏ పరిస్థితులలోనూ ఇవ్వరానివి కొన్ని ఉన్నాయి. మహబూబాబాద్ జిల్లాలోని కొత్తగూడ, గంగారం మండలాలు ఏజెన్సీ ప్రాంతాలు. అక్కడ 1959 నాటి భూ బదలాయింపు నిబంధనలు, వాటికి 1970లో చేసిన సవరణ, అంటే వాడుకలో 1/70 చట్టం వర్తిస్తాయి. గిరిజనేతరులకు భూమి బదలాయింపు చెల్లదు. ఒక గ్రామం ఏజెన్సీ పరిధిలోనిదా కాదా అన్నది డేటాబేసులో ఒక చిన్న గుర్తు మాత్రమే. ఆ గుర్తును ఒకసారి తొలగిస్తే, చట్టం అడ్డుకోవలసిన రిజిస్ట్రేషన్‌ను సాఫ్ట్‌వేరు అనుమతించే ప్రమాదం ఉంటుంది. గ్రామం పేరులో అక్షర దోషం దిద్దడం, ఈ గుర్తు మార్చడం ఒకే పేజీలో, ఒకే అనుమతి కింద ఉండటం ఎంతమాత్రం క్షేమకరం కాదు. నిషేధిత భూముల జాబితా విషయమూ ఇంతే.

ఎంత పకడ్బందీ రోల్ అయినా పాస్‌వర్డు చేతులు మారితే నిరర్థకమవుతుంది. పని ఒత్తిడి వల్ల అధికారి తన డిజిటల్ సంతకపు డాంగిల్‌ను ఆపరేటరుకు అప్పగించడం ఎక్కడ జరిగినా అది అనధికార గ్రాంటే. సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 42వ సెక్షన్ ప్రకారం ప్రైవేట్ కీపై నియంత్రణ కోల్పోకుండా తగిన జాగ్రత్త వహించవలసిన బాధ్యత సంతకం పొందిన వ్యక్తిదే. ఆపరేటరుకు దరఖాస్తు నమోదు చేసే ప్రత్యేక లాగిన్ ఇస్తే డాంగిల్ ఇవ్వవలసిన అవసరమే ఉండదు. పరిమిత అనుమతులు నిరాకరించే చోట పూర్తి అనుమతులు దొడ్డిదారిన వెళుతుంటాయి.

సెటప్‌లో జరిగిన ప్రతి మార్పు ఎవరు, ఎప్పుడు, ఏ ఉత్తర్వు ఆధారంగా చేశారో లాగ్‌లో నమోదు కావాలి. ఆ లాగ్‌ను మార్చే వీలు నిర్వాహకునికి సైతం ఉండకూడదు. 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ జారీ చేసిన ఆదేశాల ప్రకారం ప్రభుత్వ సంస్థలు సహా అందరూ లాగ్‌లను 180 రోజులపాటు భద్రపరచాలి. భూ వివాదాలు దశాబ్దాలు సాగుతాయి గనుక భూ రికార్డుల సెటప్ లాగ్‌కు ఈ గడువు చాలదు. దానిని పహాణీ వలె శాశ్వత రికార్డుగా పరిగణించడం ఉచితం.

2025 సెప్టెంబరులో గ్రామ పాలనాధికారులు నియమితులు కావడంతో రెవెన్యూ వ్యవస్థ తిరిగి గ్రామానికి చేరింది. వారికి తమ గ్రామ రికార్డు చూసే అనుమతి, విచారణ నివేదిక నమోదు చేసే అనుమతి ఉంటే విధి నిర్వహణకు సరిపోతుంది. హక్కుల రికార్డును మార్చే అనుమతి అవసరం లేదు. మండలంలో ఏ తేదీన ఎవరి లాగిన్ ఏ రోల్‌లో ఉన్నదో తెలిపే జాబితాను ప్రతి నెలా ముద్రించి, పనిచేస్తున్న సిబ్బంది హాజరు పట్టీతో సరిపోల్చడం తహశీల్దారు కార్యాలయంలోనే జరుగగల పని. హాజరు పట్టీలో లేని పేరు ఆ జాబితాలో కనిపిస్తే అదే రోజున లాగిన్ నిలిపివేసి ఆర్డీవోకు లిఖితపూర్వకంగా తెలియజేయాలి.