కొండమీది వేసవి

మన కావ్యాలలో వేసవికి ఒకే ముఖం ఉన్నది. అడుగంటిన చెరువులు, నెర్రెలు విచ్చిన నేల, నాలుక చాచి నీడకు చేరిన మృగాలు, చలివేంద్రం కోసం వెదకుకొనే బాటసారి. కాళిదాసు ఋతుసంహారాన్ని గ్రీష్మంతోనే ప్రారంభించినాడు. ఆముక్తమాల్యదలో రాయలవారి గ్రీష్మ వర్ణనను మనం తరగతి గదులలో తరతరాలుగా చెప్పుకొంటూనే ఉన్నాము. అందులో అతిశయోక్తి ఉన్నదేమో కాని అసత్యం లేదు. బెజవాడలోనో రామగుండంలోనో ఒక్క వేసవి గడిపినవారికి ఆ పద్యాలకు టీకా తాత్పర్యాలు అక్కరలేదు. (పంచాంగం ప్రకారం చైత్ర వైశాఖాలు వసంతమే. కాని తెలుగువాడి ఒంటికి చైత్రం నాటికే వేసవి వచ్చేస్తుంది.) అయితే ఇదంతా దిగువనేల వేసవి. తూర్పు కనుమల మీద, అనంతగిరి, అరకు, పాడేరు, ముంచంగిపుట్టు ప్రాంతాలలో ఈ మాసాలు నడిచే తీరు వేరు.

ఏప్రిల్ నెల చివర అరకులో ఒక దినం ఎట్లా గడుస్తుందో చూడండి. తెల్లవారుజామున లోయ నిండా పొగమంచు పరచుకొని ఉంటుంది. సంతకు వచ్చే ఆడవారు భుజాలమీద కొంగు బిగించి కప్పుకొని నడుస్తారు. తొమ్మిది గంటలకు మంచు విడిపోయి, పదకొండింటికి ఎండ చురుక్కుమంటుంది. ఇక ఇది వేసవే అనుకొనేంతలో, రెండు గంటలవేళ ఒడిశా దిక్కున కొండలవెనుక మబ్బు నల్లగా లేస్తుంది. గాలి ఒక్క క్షణం స్తంభించి, మరుక్షణం దుమ్మునూ ఎండుటాకులనూ ఎత్తిపోస్తుంది. ఆ వెంటనే రేకుల కప్పులమీద వడగళ్ళు. పావుగంట తరువాత మళ్ళీ ఎండ. తారు రోడ్డు మీద నుండి ఆవిరి పొగలు పొగలుగా లేస్తూ ఉంటుంది. రాత్రికి కుంపటి కావలసి వస్తుంది. మరునాడు ఇదంతా ఇట్లాగే జరుగుతుందని నమ్మకం లేదు. వరుసగా నాలుగు దినాలు చుక్క పడకనూ పోవచ్చు. విశాఖలో చెమటతో తడిసిన చొక్కాతో బస్సెక్కిన యాత్రికుడు ఘాట్ రోడ్డు సగం దాటేసరికి కిటికీ అద్దం మూసుకొని, “వేసవిలో చలికాలం!” అని మురిసిపోతాడు.

ఈ చల్లదనానికి మొదటి కారణం ఎత్తు. వేయి మీటర్లు పైకి పోతే గాలి సుమారు ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుంది. కొత్తవలస నుండి కిరండూల్ పోయే రైలుమార్గంలో శృంగవరపుకోట కొండల పాదాన ఉన్నది. అక్కడినుండి సొరంగాలు దాటుకొంటూ ఎక్కిన బండి శిమిలిగుడ చేరేసరికి సముద్రమట్టానికి సుమారు 996 మీటర్ల ఎత్తున ఉంటుంది. రెండు మూడు గంటల ప్రయాణంలో ఒక మాసం వెనుకకు పోయినట్లే. రెండవ కారణం బంగాళాఖాతం. సముద్రం నుండి వచ్చే తడిగాలి కొండవాలు తగిలి పైకి లేస్తుంది. మధ్యాహ్నపు ఎండ దాన్ని మరింత ఎత్తుకు నెడుతుంది. అంత ఎత్తున నీటిబొట్టు గడ్డకట్టి, పడబోయి, పై గాలికి మళ్ళీ లేచి, పొరమీద పొర చేరి బరువెక్కిన పిమ్మట రాలుతుంది. దిగువన అయితే సగం దారిలోనే కరిగి వానచినుకు కావలసినది, కొండమీద దారి దగ్గర కనుక రాయిగానే చేరుతుంది. భాషా పాఠం చెప్పుకొనేవాణ్ణి కనుక ఒక మాట చెప్పక తప్పదు. వడగాలిలోని “వడ”, వడగల్లులోని “వడ” ఒకటేనని నేను అనుకొంటాను. వడ అంటే వేడిమి. వడగల్లు అంటే వేసవి రాయి. ఆ మంచురాయి వేడిలోనే పుట్టుతుందని మన పూర్వులకు ఎవరూ పాఠం చెప్పకుండానే తెలిసినది కాబోలు.

ఈ చంచల స్వభావం ఒక్కొక్క యేడు కొండ దిగి మైదానానికీ వస్తుంది. 2023 మే మొదటి వారంలో తెలుగు నేల పొడుగునా వానలు కురిసి ఎండలు వెనుకకు తగ్గినవి. అదే నెల 14వ తేదీన మోచా తుఫాను మయన్మారు తీరం దాటినది. ఆ వెంటనే మన కోస్తాలో వడగాలులు వీచినవి. 2025లో నైరుతి ఋతుపవనం జూన్ 1 కోసం ఆగక మే 24ననే కేరళను చేరినది. ఆ మే నెలలో దేశం మీద పడిన వాన 1901 నుండి ఉన్న లెక్కలలో మే నెలలన్నిటికంటె ఎక్కువ. ఇట్లాంటప్పుడు పత్రికలు “అకాల వర్షం” అని వ్రాస్తవి. దిగువన వరి కళ్ళాలలో ఉన్న రైతుకూ, మామిడి తోటల రైతుకూ అది అకాలమే. కొండమీద మాత్రం ఆ మాట వాడే ముందు కొంచెం ఆలోచించవలె. చైత్రంలో వాన రాకపోతేనే అక్కడ అకాలం.

ఎందుకంటే కాఫీ చెట్టు ఆ వాన కోసమే కాచుకొని ఉంటుంది. మొగ్గలు శీతాకాలపు పొడి దినాలలో ఏర్పడి నిద్రపోతూ ఉంటవి. మార్చి, ఏప్రిల్ నెలలలో ఒక మంచి వాన, సుమారు 25 మిల్లీమీటర్లయినా, పడితే అవి మేలుకొంటవి. వాన పడిన ఎనిమిది పది దినాలకు, సిల్వర్ ఓకు చెట్ల నీడలో మిరియపు తీగెల నడుమ, కొమ్మకొమ్మా తెల్లబడిపోతుంది. మల్లెలను తలపించే ఆ పరిమళం రెండు మూడు దినాలే. వాన చాలకపోతే మొగ్గ సగం విచ్చి ఆగిపోతుంది. సరిగా పూచిన దినాననే వాన కొడితే పుప్పొడి కొట్టుకొని పోతుంది. పూత నిలిచిన కొన్ని వారాలకు పిందె నిలవడానికి మరొక వాన కావలె. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు అరబికా కాఫీ ఇంత సన్నని దారం మీద నడుస్తూ ఉన్నది. గుక్కెడు కాఫీలో ఉన్న రుచి ఏ మధ్యాహ్నపు మబ్బు పెట్టిన భిక్షయో త్రాగేవానికి తెలియదు.

కాని అదే మబ్బు ఆ యింటి ముంగిట్లోనే నష్టం కూడా చేసిపోతుంది. చింతపండు వలిచి, గింజ తీసి, చాపలమీద ఆరబోసే దినాలు అవే. ఇప్పపువ్వు తెల్లవారుజామున రాలుతుంది. ఏరి తెచ్చి ఎండబెట్టవలె. ముసురు పట్టినదా, బూజే. గిరిజన సహకార సంస్థ 1956 నుండి ఈ అటవీ ఫలసాయాన్ని కొంటూ ఉన్నది కాని, తడిసి నల్లబడిన చింతపండుకు ఎక్కడా మంచి ధర పలకదు. పోడు కొట్టుకొన్నవారికి మరొక చిక్కు: నరికిన చెట్టూ చేమా వానకు నానితే సరిగా కాలదు. ఒక గుడిసె ముందు చాపలు గబగబా చుట్టుతున్న ముసలమ్మను, “వాన పడితే పంటకు మంచిదే కదమ్మా?” అని అడిగినాను. ఆమె తల ఎత్తకుండానే, “కాపీకి మంచిదే బాబూ, సింతపండుకి కాదు గదా” అన్నది. వాతావరణాన్ని గూర్చి నేను విన్న వ్యాఖ్యానాలలో ఇంత సూక్ష్మమైనది మరొకటి లేదు.

దిగువన మనకు కార్తెలు ఉన్నవి. భరణి కురిస్తే ధరణి పండుతుందంటాము. రోహిణిలో రోళ్ళు పగులుతాయంటాము. మొదటిది కొండమీద కూడా చెల్లుతుంది, రెండవది చెల్లదు. అక్కడివారి లెక్కకు మొదలు చైత్రమాసపు ఇటుకల పండుగ. గ్రామదేవత ముందు విత్తనాలు పెట్టి పూజిస్తారు. మగవారు వేటకు పోతారు; ఆడవారు దారికి అడ్డంగా కర్ర పట్టుకొని వచ్చేపోయేవారి దగ్గర కానుక పుచ్చుకొంటారు; రాత్రి థింసా. మనం వానకు ఎదురుచూడని మాసంలో వారు విత్తనాన్ని మొక్కుకొంటారు. ఆ పండుగను వేడుకగా ఫొటోలు తీసుకొనేవారు ఈ సంగతిని గమనిస్తే బాగుండును.

పాఠశాలల సంగతికి వస్తాను. నా దగ్గర చదువుకొన్న ఒకామె ఆ ప్రాంతపు ఆశ్రమ పాఠశాలలో తెలుగు ఉపాధ్యాయిని. ఒకసారి ఏడవ తరగతివారికి “వేసవి కాలం” అని వ్యాసం ఇచ్చినదట. పిల్లలందరూ గైడులో ఉన్నట్లే వ్రాసినారు: ఎండలు మండిపోతవి, బావులు ఎండిపోతవి, ప్రజలు మజ్జిగ త్రాగి విసనకర్రలతో విసరుకొంటారు. వారు అది వ్రాస్తూ ఉండగా కిటికీ బయట వడగళ్ళు పడుతూ ఉన్నవి. ఒక్కరయినా ఆ మాట వ్రాయలేదు. మార్కులకు అడ్డమని వారి భయం. ఆమె ఆ వ్యాసాలు దిద్దలేదు. ఒక నోటుపుస్తకం కొని తరగతిలో వ్రేలాడదీసినది. రోజుకొకరు ఉదయపు మంచు, మధ్యాహ్నపు గాలి, మబ్బు వచ్చిన దిక్కు, ఆ వారం పూచిన చెట్టు పేరు వ్రాయవలె. చెట్లపేర్లు ఆదివాసీ ఒరియాలో, కువిలో ఉంటే అట్లాగే తెలుగు లిపిలో వ్రాయవచ్చును. నిఘంటువులో లేని మాటలు అందులో చాలా చేరినవని చెప్పినది. మైదానపు పాఠశాలలలో కూడా ఇది చేయదగిన పని. ఖర్చు నోటుపుస్తకం వెల మాత్రమే.

ఆ పుస్తకంలోనే మాటిమాటికీ కనబడిన మాట పిడుగు. కొండలలో ఉరుముల కాలం సరిగా వేసవి సెలవులతోనే కలిసివస్తుంది. ఏప్రిల్ నెలాఖరుకు ఆశ్రమ పాఠశాలలు మూస్తారు. పిల్లలు ఇళ్ళకు పోయి పశువుల వెంట కొండ ఎక్కుతారు. మధ్యాహ్నం వాన వస్తే తల దాచుకొనేది చెట్టుక్రిందనే. సరిహద్దుకు ఆవల ఒడిశా ప్రభుత్వం పిడుగుపాటును 2015లోనే రాష్ట్ర విపత్తుగా ప్రకటించినదంటే ఈ కొండలలో దాని తీవ్రత ఊహించుకోవచ్చును. సెలవులిచ్చే ముందుదినం ఆమె పిల్లలచేత మెరుపుకూ ఉరుముకూ నడుమ అంకెలు లెక్కపెట్టించినది. ధ్వని కిలోమీటరు నడవడానికి దాదాపు మూడు సెకన్లు. ముప్పై లెక్కించేలోపల ఉరుము వినబడితే పిడుగు పది కిలోమీటర్లలోపల ఉన్నట్లు. అప్పుడు చెట్టును వదలి, గట్టి కప్పు ఉన్న ఇంటికి చేరవలె. చివరి ఉరుము తరువాత అరగంట బయటికి రాకూడదు.

లెక్క అందరికీ వచ్చినది. ఒక పిల్లవాడు మాత్రం లేచి, ఆవులను వదిలి వస్తే అయ్య కొడతాడు టీచరమ్మా, అన్నాడట. ఆమె ఆ వారం సంతలో వాని తండ్రిని వెదకి పట్టుకొని మాట్లాడినది.